మొదటినుంచి చెప్పించిన పాఠం

మొన్న మా మనవడు యూనివర్సిటీ పరీక్ష రాసి వచ్చి, చల్ల చిలుకుతున్న నా ముందు ప్రశ్నల కాగితం పరిచి, రెండేళ్ల చదువును మూడు గంటల్లో కొలిచేస్తారు మామ్మా అని గొప్పగా చెప్పాడు. ఎక్కాలూ గుణింతాలూ అయ్యేసరికి ఆడపిల్లకు ఇక చాలు అనిపించుకుని బడి మానినదాన్ని నేను, ఆ కాగితంలో నాకు తెలిసిన అక్షరం ఒక్కటీ లేదు. అయినా దాని మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయాను. అటువంటి కాగితం ఇదివరకు మా ఇంట్లో ఒకరి చేతికి వచ్చింది.

చెన్నపట్టణంలో యూనివర్సిటీ అనేది పుట్టిన తొలి రోజులవి. మా పుట్టిల్లు సఖినేటిపల్లి, నాన్నగారిది పౌరోహిత్యం. అత్తవారిది అమలాపురం, మావారికి తాలూకా కచేరీలో ఉద్యోగం. ఇంగ్లీషు బడి మా ఊళ్లోనే ఉందని తల్లి లేని మా తమ్ముణ్ణి నా దగ్గర పెట్టి చదివించడానికి నాన్నగారు బలవంతాన ఒప్పుకున్నారు. పడవ ఎక్కబోతూ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "పరీక్ష ఒక్కమారేనమ్మా. తప్పేడా, పంచాంగం చేతికిచ్చి ద్రాక్షారామం పంపేస్తాను, మీ పెదనాన్నగారి దగ్గరికి. మళ్లీ నన్నడక్కండి." ఆయన మాట తప్పే మనిషి కాదు. తమ్ముడికా, ప్రాణమంతా ఆ పుస్తకాల్లోనే.

అంచేత వాడి చదువు నా మెడకు చుట్టుకుంది. నాకు తెలిసిన పద్ధతి మా వీధిబడి పంతులుగారిది ఒక్కటే: అప్పజెబుతూ ఎక్కడ తడబడినా మళ్లీ మొదటినుంచి చెప్పాలి. పొద్దున్నే నేను చల్ల చిలుకుతూ కూర్చుంటే వాడు స్తంభానికి ఆనుకుని ఇంగ్లీషులో ఉన్న రాజుల చరిత్ర గడగడా అప్పజెప్పేవాడు. ఇంగ్లీషు నాకు రాకపోతేనేం, తడబాటుకు భాషేమిటి? వాడి గొంతు ఆగితే నా కవ్వం ఆగేది.

"అక్కా, ఆ ఒక్క ముక్కా చూసుకుని ముందుకెళ్తానే."

"నడుమనించి ఎత్తుకునేదీ ఒక చదువేనా? మొదటినుంచి చెప్పు."

"నువ్వు మా బడి దొరగారికంటే కష్టమే తల్లీ" అని నవ్వి మళ్లీ మొదలెట్టేవాడు. రాసి చూసుకుంటానని కాగితం అడిగితే ఇచ్చేదాన్ని కాదు. నోటికి వచ్చినది చేతికి రాదా, కాగితం తగలెయ్యడం ఎందుకు అనేదాన్ని. ఏడాది తిరిగేసరికి పుస్తకం మొత్తం, మొదటి మాట అందిస్తే చాలు, చివరిదాకా ఏరులా వచ్చేది. ఇంతకంటే చదువేముంటుందని మురిసిపోయాను.

పరీక్ష రాజమండ్రిలో జరిగింది. వచ్చాక ఎలా రాశావంటే, రాసేనే అన్నాడు గాని నా ముఖం చూడలేదు. రెండు నెలలు గడిచాయి. ఫలితాలు అచ్చయ్యే గెజెట్టు వచ్చే వారమని నాన్నగారు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఒకనాటి మధ్యాహ్నం మావారు కచేరీనుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే చుట్టిన గెజెట్టు తమ్ముడి చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు. అప్పుడే నాకు తెలిసిపోయింది. వాడు మాత్రం తన నంబరు ఉండవలసిన చోటు చూడకుండా, జాబితా మొదటినుంచి, ఒక్కొక్క నంబరు మీదా వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాడు. నాన్నగారు వేలినే చూస్తున్నారు. వేలు ఒకచోట ఆగింది. వాడి నంబరుకు ముందుది ఉంది, తరవాతది ఉంది.

"ఏ ముక్క రాలేదురా నీకు?" అన్నారు నాన్నగారు. తిట్టలేదు, అదే భయం వేసింది.

"అన్నీ వచ్చునండి. నాకే బుద్ధి లేకపోయిందండి" అన్నాడు.

మర్నాడు మూట కట్టుకుంటూ నాకొక్కదానికీ చెప్పాడు. చరిత్ర కాగితంలో ఓడిన రాజు ఎందువల్ల ఓడాడని అడిగారట. "ఆ సంగతి పాఠం చివర్న ఉంది కదే. దానంతట అది గుర్తుకి రాదాయె. పైకి చెప్పుకోనివ్వరు, మనసులో చెప్పుకుంటూ పోదామంటే దారి తప్పుతోంది. చేత్తో రాస్తేగాని కదల్లేదు. ఆ రాజు పుట్టుకనించి మొదలెట్టేను. యుద్ధానికి బయల్దేరేడు, గంట కొట్టేసేరు. తక్కిన ప్రశ్నలకి చెయ్యే వెళ్లలేదు." అని నవ్వబోయి నా ముఖం చూసి ఆపేశాడు.

పడవదాకా నాన్నగారి వెనకే నడిచాను. తప్పు వాడిది కాదు, నాదని ఒక్క మాట అంటే మరొక్కసారి రాయనిచ్చేవారేమో. అనలేదు. ఇన్నాళ్లలో ఎవరితోనూ అనలేదు, ఇదే మొదలు.

తమ్ముడు ద్రాక్షారామంలో పెద్ద పురోహితుడయ్యాడు. క్రతువు నడుమ ఎవరైనా మాట కలిపితే మళ్లీ సంకల్పంనుంచి ఎత్తుకునేవాడట. ఆయన చేయిస్తే లోటుండదండి అని జనం చెప్పుకునేవారు. వాడు పోయి నాలుగేళ్లయింది.

మనవణ్ణి ఆ కాగితంలో ఏదో ఒక ప్రశ్నకు జవాబు చెప్పమన్నాను. నీళ్లు తాగినట్టు చెప్పాడు. మరి దానికి ముందు కథేమిట్రా అంటే, "అది అడగలేదుగా మామ్మా" అన్నాడు. వాళ్లు కొలిచేది అంతవరకే కాబోలు. మా రోజుల్లో మొదలు తెలియనివాడికి చదువు వచ్చిందనేవారు కాదు. మొదటినుంచి చెప్పరా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కవ్వం ఆపకుండా చిలుకుతూనే ఉన్నాను.