నీళ్లు ఆపిన నర్సమ్మ

మొయినాబాద్ పాత దవాఖానలో పనిచేసిన నర్సమ్మ మొన్న ఆదివారం కన్నుమూసిందని మా ఊరు ఆలూరికి కబురు వచ్చింది. మట్టి వేయడానికి పోయాను. అక్కడ అందరూ "మన నర్సమ్మ, మన నర్సమ్మ" అని ఏడుస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చదువు రాదు కనుక చెప్పి రాయిస్తున్నాను. ఒక్క ముక్క కూడా మెత్తగా మార్చవద్దని గట్టిగా చెప్పాను.

ఆమెది కృష్ణా నది అవతలి ఆంధ్ర ఊరు. అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని గొడవలు జరుగుతున్నప్పుడు, నా పెనిమిటికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పట్నం బస్సులు బందు. ఎడ్లబండిలో ఆ దవాఖానకే చేర్చాం. మొదటి రోజు ఆమె సెలైన్ ఎక్కించి, నీళ్లు కూడా తాగించింది. ప్రాణం నిలబడింది గాని ఒంటికి, అంటే మూత్రం, రావడం ఆగిపోయింది, ముఖం ఉబ్బింది. మర్నాడు ఆమె నీళ్ల కుండ తీసి బయట పెట్టింది.

మా అత్త లేచింది. "నిన్న తాగు తాగు అంటివి, ఇయ్యాల గొంతు తడుపనియ్యవా? దప్పికైనోనికి నీళ్లియ్యనిది, నీదేం పుట్టుకనే?"

"నిన్న ఒళ్లు ఎండిపోయింది, పోశాం. ఇవాళ కిడ్నీలు పనిచేయట్లేదు పెద్దమ్మగారూ. తాగింది బయటికి పోదు, ఊపిరితిత్తుల్లో చేరుద్ది. ఊపిరాడక పోతాడు," అంది నర్సమ్మ.

ఒంటికి వచ్చిన నాలుగు చుక్కలు కూడా గీతల గ్లాసులో కొలిచేది. అంతకు కాస్త పైన మాత్రమే తాగడానికి నీళ్లిచ్చేది. మిగతా పొద్దంతా తడిగుడ్డతో పెదవులు అద్దేది. ఆయన ఆ గుడ్డనే చప్పరించేవాడు. మా అత్త ఊరుకుంటుందా? ఒంటికి ధారాళంగా జారీ అవుతుందని కొంగు చాటున ఈతకల్లు తెచ్చింది. నర్సమ్మ వాసన పట్టి, లోటా లాక్కుని పారబోసింది.

"కల్లు నేలపాలు చేసినవ్, నీ చేతులిరగ!"

"విరగనీండి. మీవాడు లేచాక కట్టు కడతాడులే."

కొన్నాళ్లకు ఒంటికి ధారగా రావడం మొదలైంది. అప్పుడు ఆమే చెంబు పట్టుకుని "తాగు, బయటికి పోయిందంతా మళ్లీ నింపాలి" అని వెంటపడింది. "దీనికి పిచ్చి లేసింది" అని మా అత్త. ఆయన మాత్రం తన కాళ్ల మీద నడిచి ఇంటికి వచ్చాడు.

ఆయన పోయి ఏళ్లయింది. దవాఖాన నుంచి వచ్చాక జరిగినదాని సిగ్గు ఆయనతో పోలేదు, నాకు మిగిలింది.

ఆయన లేచి తిరిగిన కొన్నాళ్లకే, ఒక పొద్దున కూరగాయల గంపతో మొయినాబాద్ పోతే, దవాఖాన గేటు ముందు గుంపు. "ఆంధ్రోళ్లు పోవాలె!" మా పిల్లలకు నౌకరీలు కావాలన్న కొట్లాట న్యాయమైనదే, ఇప్పటికీ అంటాను. కాని ఆ గుంపులో ముందు నిలబడి, పిడికిలి ఎత్తి, ఆమె కిటికీ వైపు అరుస్తున్నది నా పెనిమిటి. నా నోటికి ఆలూరంతా జడుస్తుంది. ఆ రోజు మాత్రం గంప అడ్డం పెట్టుకుని వెనక నక్కాను.

నర్సమ్మ గేటు తీసుకుని నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది.

"ఏమయ్యా, ఒంటికి సరిగ్గా వస్తుందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె తెల్లచీరతో ఆ దుమ్ములోనే గొంతుక్కూర్చుని, ఆయన పంచె జరిపి, కాలి ఎముక మీద బొటనవేలు అదిమింది. ఒంట్లో నీరు నిలిచి ఉంటే అక్కడ గుంట పడుతుంది. వేలు తీసి, తల వంచి చూసింది. అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"వాపు లేదు. అరిచేటప్పుడు మధ్యమధ్య నీళ్లు తాగు. ఏదీ, ఆ కాలు?"

పిడికిలి దించడం మరిచిపోయి, ఆయన రెండో కాలు ముందుకు పెట్టాడు.