నేలచూపులమ్మ తల ఎత్తిన వైనం

రాజ్యాలు ఎప్పుడు లేచాయో, ఎప్పుడు కూలాయో చరిత్రలో రాసిపెట్టారు గానీ, ఒక మనిషి తల ఎత్తి చూడటం ఎప్పుడు మానేసిందో ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. ఇది చిన్న లోటు కాదు. ఆ ఊరి కెథీడ్రల్‌కి, అంటే జనం నోట్లో పెద్ద చర్చికి, వచ్చిన ప్రతివాళ్ళూ గడప దాటగానే చేసే పని ఒక్కటే: తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, కప్పు వైపు చూడటం. రాజులు చూశారు, బిషప్పులు చూశారు, వాన తగ్గేదాకా తలదాచుకుందామని దూరినవాళ్ళూ చూశారు. చంకలో ఉన్న పసిపిల్లలు సైతం ఏడుపు ఆపి చూశారు. పెళ్ళయిన కొత్తల్లో పనిలో చేరి, కూతురికి పెళ్ళీడు వచ్చేదాకా రోజూ పొద్దున్నే అక్కడ అడుగు పెడుతూ కూడా కప్పు వంక చూడని మనిషి ఒక్కతే. నేల ఊడ్చి తుడిచే ఆవిడ.

తోటి పనివాళ్ళు ఆవిడకు నేలచూపులమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ దానికేమీ నొచ్చుకోలేదు. "నేలతో నాకు పనుంది. కప్పుతో ఏం పని? పైగా నేను చూడకపోతే అదేమన్నా చిన్నబుచ్చుకుంటుందా?" అనేది.

చిన్నబుచ్చుకోవడానికి కప్పుకు తీరిక కూడా లేదు. ఆ చర్చికి పునాది వేసిన మేస్త్రి మునిమనవడి కాలానికి గానీ గోడలు కిటికీల ఎత్తుకు రాలేదని గైడు చెబుతాడు. తాము కట్టేది పూర్తయితే ఎలా ఉంటుందో కట్టేవాళ్ళెవరూ చూడలేదు. అయినా కట్టారు. స్తంభాలు చెట్టుబోదెల్లా లేచి, పైకి వెళ్ళేకొద్దీ కొమ్మలేసి, ఆ కొమ్మలు కమానులై, కమానులన్నీ నట్టనడిమిన ఒక రాతిపువ్వు దగ్గర కలుసుకుంటాయి. ఆ పువ్వే కప్పుకు తాళం. అది కదిలితే కొమ్మల పని ఖాళీ. ఈ మాట గైడు ఎంత గంభీరంగా చెబుతాడంటే, వినేవాళ్ళలో సగంమంది తెలియకుండానే ఓ అడుగు పక్కకు జరుగుతారు.

కుడివైపు చిన్న గదిలో, వెండి చట్రం ఉన్న గాజుపెట్టెలో, ఒక పునీతురాలి వేలి ఎముక ఉంది. చిటికెన వేలంత కూడా లేదు. దాన్ని చూడటానికి సముద్రాలు దాటి వస్తారు. చూసి, పెట్టె మీద నుదురు ఆనించి ఏడుస్తారు. మోకాళ్ళ మీద వచ్చి, ఏమీ అడగకుండా లేచి వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. నేలచూపులమ్మ ఆ గాజును రోజూ సాయంత్రం పొడిబట్టతో తుడిచేది. ఒక్క ఎముక కోసం ఇన్ని వేలిముద్రలా అని మొదట్లో విసుక్కునేది. ఓ రోజు ఒక ముసలాయన గాజు మీద అరచెయ్యి ఆనించి, తీయలేక తీయలేక తీయడం చూసింది. ఆ పూట ఆ ముద్ర తుడవడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. మర్నాడు తుడిచింది. ఉద్యోగం ఉద్యోగమే కదా.

ఇక నేల సంగతి. నేలంతా తెల్లరాళ్ళు, మధ్యమధ్య నల్లరాళ్ళు. కొవ్వొత్తి మైనం తెల్లరాతి మీద పడితే గోకగానే వస్తుంది. నల్లరాతి మీద పడితే అత్తగారి మాటలా పట్టుకుంటుంది. అందుకని నల్లరాళ్ళలో ప్రతిదానితోనూ ఆవిడకు విడివిడిగా వైరం ఉంది. బల్లల కింద దూరి, ఒక్కో రాయే తుడుచుకుంటూ, ఆ మొండిరాళ్ళకు తగిన పేర్లు పెట్టి తిట్టుకుంటూ ఆవిడ జీవితం గడిచింది.

ఆవిడ మొగుడు మాత్రం బతుకంతా పైనే గడిపాడు. కమానుల్లో పగుళ్ళకు సున్నం పట్టించడం, అరిగిన రాయి తీసి కొత్తది పొదగడం ఆయన పని. తాడుకు వేలాడో పరంజా ఎక్కో పనిచేసేవాడు గనక గాలిమేస్త్రి అన్నారు. మొగుడు పైన, పెళ్ళాం కింద. ఒకే కప్పు కింద కాపురమంటే ఇదేనని పనివాళ్ళు మేలమాడేవారు.

నడిమి రాతిపువ్వులో ఒక రేకు బీటలు వారిందని తేలడంతో కథ మొదలైంది. బల్లలన్నీ తీసేసి, హాలుకు ఓ పక్కగా కప్పుదాకా పరంజా కట్టి, అక్కణ్ణుంచి పువ్వు దాకా చెక్కవంతెన వేశారు. పాత రేకు తీసి కొత్తది చెక్కి అమర్చే పని గాలిమేస్త్రి చేతికి వచ్చింది. నెలల తరబడి చెక్కాడు. మోకాళ్ళు అరిగిపోయాయి గనక ఇదే ఆయన ఆఖరి పని. పరంజా విప్పడంతో పాటు ఆయనా దిగిపోతాడు, మళ్ళీ ఎక్కడు.

ఆ పనివాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పరంజా విప్పే ముందురోజు ఇంటివాళ్ళను పైకి తీసుకెళ్ళి, చేసిన పని దగ్గరగా చూపించి, ఓసారి చేత్తో తాకిస్తారు. ఆ తర్వాత మళ్ళీ అంత దగ్గరగా దాన్ని చూసే మనిషి, ఇంకో నూరేళ్ళకు ఇంకో మేస్త్రే.

"ఏమే, శనివారం ఎక్కుతావా?" అని గాలిమేస్త్రి అన్నం ముందు కూర్చుని అడిగాడు.

"నాకెందుకయ్యా ఆ ఎత్తులు. కూతుర్ని తీసుకెళ్ళు."

"దాన్ని తీసుకెళ్తాలే. నిన్నడుగుతున్నా."

"నాకు పనుంది."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "ఇన్నేళ్ళు నెత్తిన నేను వేలాడుతుంటే ఒక్కనాడు తలెత్తి చూడలేదు. ఇప్పుడు చూస్తావా? నాదే బుద్ధితక్కువ" అని, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. కోప్పడితే ఆవిడ భరించేది. కోప్పడలేదు. అదే గుచ్చుకుంది.

కూతురు చర్చి వాకిట్లో టిక్కెట్లు ఇస్తుంది. మర్నాడు పెరట్లో తల్లి తుడుపుగుడ్డలు పిండుతుంటే పక్కన చేరింది.

"ఎందుకమ్మా నాన్నని అలా ఉసూరుమనిపిస్తావు? ఒక్కసారి ఎక్కితే నీ సొమ్మేం పోయింది?"

తల్లి కాసేపు గుడ్డనే పిండింది. నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి, అయినా పిండింది. చివరికి చెప్పింది. పనిలో చేరిన మొదటి వారం, కొత్త పెళ్ళికూతురి ముచ్చట కొద్దీ, మొగుడు ఎక్కడున్నాడా అని తలెత్తి చూసింది. చూసిన క్షణంలోనే ఆయన కాలు జారింది. తాపీ వచ్చి ఆవిడ పక్కన ఖంగుమని పడింది. తాడు ఆగింది కాబట్టి మనిషి దక్కాడు.

"నా చూపు మంచిది కాదే. ఆ రోజే ఒట్టేసుకున్నా. ఆయన పైన ఉన్నంతకాలం తలెత్తనని."

కూతురు ముక్కున వేలేసుకుంది. "ఈ మాట నాన్నకు చెప్పావా?"

"చెబితే ఆయనకు భయం పట్టుకోదూ? భయం పట్టినవాడు అక్కడ నిలబడగలడా?"

కూతురు చదువుకున్న పిల్ల. ఇలాంటి నమ్మకాన్ని వాదించి పడగొట్టలేమని తెలిసేంత చదువుకుంది. అందుకని ఆ దారినే నడిచింది. "సరే. నీ ఒట్టు పైకి చూడనని కదా? పైకి ఎక్కాక ఇంక పైకేం చూస్తావు? ఎదురుగా చూస్తావు. ఎదురుగా చూడనని ఒట్టేశావా?"

తల్లి ఆలోచనలో పడింది. ఒట్టులో ఆ సంగతి లేదు.

"పైగా నాన్న నీ పక్కనే ఉంటాడు. జారితే ఇద్దరూ కలిసే జారతారు" అని కూతురు ధైర్యం చెప్పింది.

శనివారం మధ్యాహ్నం నేలచూపులమ్మ చీర బిగించి కట్టి, నడుముకు తాడు కట్టించుకుని, నిచ్చెన మెట్లు ఎక్కింది. ముందు మొగుడు, వెనక కూతురు. మెట్టు మెట్టుకూ కళ్ళు మూసుకుని, మొగుడి మడమలు కనబడేంత వరకే తెరిచింది. కింది చప్పుళ్ళు ఒకటొకటే ఆగిపోయాయి. మాటలు పోయాయి, అడుగులు పోయాయి, చివరికి తలుపు మూసిన చప్పుడొక్కటే ఎక్కడో బావిలో రాయి పడ్డట్టు వినిపించింది. ఎత్తు కిటికీల గాజుల్లోంచి వచ్చే నీలిరంగు వెలుతురు ఆవిడ చీర మీద, చేతుల మీద పడింది. కింద నేల మీద ఎన్నోసార్లు తుడిచిన వెలుతురే. ఒంటి మీద పడటం గమనించడం ఇదే మొదలు.

"వచ్చేశాం. చూడు" అన్నాడు గాలిమేస్త్రి.

చూసింది. ఎదురుగా రాతిపువ్వు. కింద ఉన్నవాళ్ళకు బొత్తామంత కనబడుతుందట. ఇక్కడ నలుగురు కూర్చుని భోంచేసేంత బల్లలా ఉంది. రేకు మీద రేకు, రేకు మడతలో ఈనెలు. చేయి పెట్టింది. చల్లగా ఉంది. రేకు వెనక్కి, కప్పుకూ పువ్వుకూ మధ్య సందులోకి వేళ్ళు పోనిచ్చింది. అక్కడ కూడా చెక్కుడే. కన్ను పడే వీలులేని చోట, అంతే నునుపుగా.

"ఇక్కడెవరు చూస్తారని చెక్కారయ్యా?"

"ఎవరూ చూడరు. పాతవాళ్ళు చెక్కారు, నేనూ చెక్కాను. సగం చెక్కి వదిలేస్తే చెయ్యి ఒప్పుకోదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాది ఏ రేకో చెప్పుకో."

ఆవిడ చాలాసేపు చూసి ఒకటి తాకింది.

"అది కాదు. అది చెక్కినవాడు పోయి కొన్ని వందల ఏళ్ళు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూసి తీరాలి. పెళ్ళి నాడు కూడా అంత వెలగలేదు. భార్య తప్పు చెప్పడం కంటే పెద్ద బిరుదు ఏ అకాడమీ ఇస్తుంది?

అప్పుడు కూతురు ఉండబట్టలేక అసలు సంగతి బయటపెట్టింది, చూపు తగిలి కాలు జారిన కథ. గాలిమేస్త్రి నుదురు రుద్దుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది.

"ఆ రోజా? పావురమే అది."

"పావురమేంటి?"

"గూట్లోంచి సరాసరి ముఖం మీదకు ఎగిరింది. దాన్ని తోలబోయి జారాను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా."

నేలచూపులమ్మ పరంజా కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. పావురం మీద కోపగించుకుందామంటే అదిప్పుడు ఏ లోకంలో ఉందో. మొగుడి మీద కోపగించుకుందామంటే ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. అన్నేళ్ళూ తన పనంటే భార్యకు లెక్కలేదనుకున్నవాడు ఇప్పుడు ఎటు చూడాలో తెలియక కిందికి చూశాడు. ఆవిడా కిందికి చూసింది.

చూసి, "అదేంటి?" అంది.

బల్లలు తీసేసిన నేల బోసిగా పరుచుకుని ఉంది. తెల్లటి నేల మీద, ఒక్కటిగా, గోడ నుంచి గోడ దాకా, నల్లటి పువ్వు. రేకులు, ఈనెలు, నట్టనడుమ బొడ్డు. ఈ రాతిపువ్వు నీడ ఎప్పుడో జారి కిందపడి అక్కడే ఉండిపోయినట్టుంది. ఆవిడ తిట్టిన ప్రతి మొండిరాయీ అందులో ఒక చోట కుదురుగా కూర్చుని ఉంది. ద్వారం పక్కది ఒక రేకు కొన. పునీతురాలి గది ముందు వరస ఒక ఈనె. బల్లల కింద దూరి దూరి తుడుస్తూ తన మోకాళ్ళు దేని మీద పాకాయో ఆవిడ అప్పుడే చూసింది.

"నువ్వు రోజూ తుడిచేదేగా. నీకు తెలీదా?" అన్నాడు మొగుడు నిజంగానే ఆశ్చర్యపోయి.

తెలీదు. గైడు ఈ సంగతి వచ్చినవాళ్ళకు రోజూ చెబుతాడు. తుడిచే మనిషికి చెప్పాలని ఎవరికీ తోచదు. ఆవిడ కళ్ళతోనే ఒక్కో రేకు చుట్టూ తిరిగి వచ్చింది. తర్వాత మెల్లగా, "ఎంత పెద్ద పువ్వయ్యా ఇది" అంది. ఎవరి పువ్వు గురించి అందో ఆయన అడగలేదు.

వారం తిరిగేలోపు పరంజా విప్పేశారు. మర్నాడు గాలిమేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పని లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, యాత్రికుడిలా పెద్ద ద్వారం గుండా వచ్చాడు. భార్య తుడుపుకర్ర గోడకు ఆనించి, ఆయన్ని నడుమనున్న నల్లరాతి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పక్కనే ఉన్నాడని చెయ్యి పట్టుకుని నిర్ధారించుకుంది. తల ఎత్తింది.

స్తంభాలు లేస్తూనే ఉన్నాయి. ఇక ఆగుతాయనుకున్న చోట కొమ్మలేసి ఇంకా లేచాయి. రంగురంగుల వెలుతురు ఆ కొమ్మల మధ్య పొగలా కదులుతోంది. అంత బరువు రాయి అంత తేలిగ్గా ఎలా నిలబడిందో, దాన్ని నిలబెట్టినవాళ్ళు పూర్తయ్యేది చూడకుండానే ఎలా పోయారో తలుచుకుంటే, ఆవిడకు ఊపిరి తీసుకోవడం కూడా మొరటుపనిలా తోచింది. అన్నిటికీ చివర, ఎక్కడో, బొత్తామంత పువ్వు.

"అదేనా?"

"అదే."

"నువ్వు అంత ఎత్తున ఉండేవాడివా?"

ఆవిడ తల దించలేదు. గైడు ఒక గుంపును తెచ్చి ఆ జంట చుట్టూ తిప్పుకుని తీసుకుపోయాడు. తర్వాత ఇంకో గుంపును తెచ్చాడు. కూతురు టిక్కెట్ల కిటికీ మూసి వచ్చి పిలిచినా ఆవిడకు వినబడలేదు. తలుపులు వేసేదాకా అలాగే చూస్తూ నిలబడింది.

మర్నాడు ఆవిడకు మెడ పట్టేసింది. రెండు రోజులు పనికి వెళ్ళలేదు.