చింతపండు తినేసిన ఊరి పేరు

మొన్న మా మనవరాలు నా పాత నాణేల డబ్బా ముందేసుకుని, అందులో గుంటలు పడ్డ ఒక బూడిదరంగు బిళ్లను ఫోనుతో ఫొటో తీసి, అది ఏ ఊరిదో నిమిషంలో చెప్పేసింది. ఆ ఒక్క పేరు కోసం నేను ముప్పై అయిదేళ్లకు పైగా ఆగాను.

ఎనభైల్లో భువనగిరిలో పంతులమ్మగా చేరిన కొత్తలో నాకు నాణేల పిచ్చి. మన రోజుల్లో అందరికీ ఏదో ఒక పిచ్చి ఉండేది కదా, స్టాంపులో, అగ్గిపెట్టె బొమ్మలో. అది తెలిసే, బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే చాచా ఒకనాడు ఆ బిళ్లను నా చేతిలో పెట్టాడు. వాళ్ల నాయిన మొదటి ప్రపంచ యుద్ధానికి పోయి, జర్మనీలో ఖైదీగా చిక్కి, తిరిగొస్తూ తెచ్చుకున్నదట. రాగి, నికెలు అన్నీ యుద్ధానికే పోయి చిల్లరకు కరువొస్తే, అక్కడ ఏ ఊరికి ఆ ఊరే జింకుతో నాణేలు వేసుకుందని నేనెక్కడో చదివాను. నాయిన బందీగా ఉన్న ఊరి పేరు తెలుసుకోవాలని చాచాకు ఒకటే ఆశ. మకిలి పట్టిన అక్షరాలను ఆదివారం తీరిగ్గా భూతద్దంతో చదువుదామని, బిళ్లను దేవుడి గూట్లో పెట్టాను.

శనివారమే మా అవ్వ పూజసామానుతో పాటు దాన్నీ చింతపండులో నానబెట్టి, ఇటుకపొడితో తోమింది. రాగి చిలుము వదిలించే చింతపండు జింకును తినేస్తుందని ఆమెకేం తెలుసు, పంతులమ్మను నాకే తెలియదు. నల్లగున్నదని తోమిన బిడ్డా, గిప్పుడు సూడు ఎట్ల మెరుస్తాందో అని మురిసిపోయింది. సగం బురుజు బొమ్మ, మూడక్షరాలు తప్ప అన్నీ పోయాయి. అవ్వను ఏమీ అనలేక, దొడ్లోకి పోయి ఏడ్చాను. నాలుగు రోజులు చాచా దుకాణం తప్పించుకుని చుట్టుదారిన బడికి వెళ్లాను.

అయిదోనాడు ధైర్యం చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. చాచా బిళ్లను బొటనవేలితో తడిమి చూశాడు.

"పేరు పోతే పోనియ్యి బిడ్డా. గా ఊరోళ్లు మా నాయిన్ని సల్లంగ ఇంటికి పంపిండ్రు గద," అన్నాడు. బిళ్లను నన్నే ఉంచుకోమని, ఎన్నడన్నా ఊరు దొరికితే వచ్చి చెప్పమన్నాడు.

ఏళ్ల వెతుకులాట ఇప్పుడు వేలికొనకు వచ్చింది, మంచిదే. కాకపోతే వినాల్సిన చాచా లేడు. అదే దుకాణంలో ఆయన కొడుకు ఫోన్లు బాగుచేస్తున్నాడు. నా నోరు తిరగని ఆ పేరును మనవరాలితో తెలుగులో పెద్దక్షరాలతో రాయించుకుని, బిళ్లను రుమాలులో ముడివేసుకుని, రేపు పొద్దుటి బస్సుకు భువనగిరి పోతున్నాను, వాళ్ల తాతను ఇంటికి పంపిన ఊరు ఇదీ అని ఆ అబ్బాయికి చెప్పడానికి.