టీచర్ ఆంటీ అడిగిన ఫుట్‌పాత్

మా పక్కింటి టీచర్ ఆంటీ పోయారని బుధవారం మధ్యాహ్నం వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేను యూనివర్సిటీ నుంచి షికాగో పక్కనున్న నేపర్‌విల్ వచ్చే రైల్లో ఉన్నాను. ఒళ్లో లాప్‌టాప్, అందులో ఆంటీ చెప్పి రాయించిన ఉత్తరం.

"పొద్దున టీ తాగుతూ అలా పక్కకి ఒరిగిపోయిందే. అంబులెన్స్ వచ్చేసరికే లేదు," అంది అక్క.

"సరే అక్కా, సాయంత్రం వస్తాను," అన్నాను. ఏం విన్నానో తలకెక్కకుండానే అన్నాను. ఫోన్ పెట్టేశాక ఉత్తరంలో ఒక వాక్యం సరిచేశాను కూడా. ఆ తర్వాతే చేతులు ఆగిపోయాయి. ముందురోజే కదా, ఒక్క విశేషణం కోసం ఆ మనిషి నాతో గంటసేపు పోట్లాడింది.

ఆంటీ పుట్టింది కాకినాడలో. కానీ "మా ఊరు" అంటే మాత్రం థాయ్‌లాండ్‌లో ఒక చిన్న పట్నం. అంకుల్‌కి అక్కడి నూలు మిల్లులో ఉద్యోగం. ఆంటీ ఇరవై ఏళ్లకు పైగా అక్కడి స్కూల్లో లెక్కలు చెప్పారు. అంకుల్ పోయాక కూతురి దగ్గరికి ఇక్కడికి వచ్చారు. నేను అద్దెకుండే బేస్‌మెంట్ వాళ్ల పక్కింట్లోదే. సిటీ ప్లానింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నానని చెప్పగానే, "అయితే కూర్చో, మా ఊరు చూపిస్తాను," అని ఫోన్ తీశారు.

ఇక్కడ సాయంత్రం ఆరంటే అక్కడ పొద్దున ఆరు. రోజూ ఆ వేళకి ఆంటీ స్నేహితురాలు వీడియో కాల్ చేసేది. ఆంటీ వాళ్ల పాత ఇంటి గేటు ముందు ఏళ్ల తరబడి బండి మీద వేడి సోయా పాలు అమ్మిన మనిషి. ఊళ్లో కొత్తగా కట్టినదల్లా ఫోన్‌లో చూపించేది. ఆంటీ మార్కులు వేసేవారు.

"కాలవకి మూతలేశారు. పదికి ఎనిమిది. బస్టాప్‌కి రెండు."

"రెండేనా ఆంటీ? కొత్తది కదా."

"నీడ ఒకవైపు, బెంచీ ఒకవైపు. కట్టినవాడు ఎప్పుడూ బస్సెక్కినట్టు లేదు."

నా క్లాసులో నేర్పనిది ఆ రెండు మార్కుల్లో నేర్చుకున్నాను.

ఫుట్‌పాత్‌కి మాత్రం ఆంటీ ఎప్పుడూ మార్కులు వేయలేదు. ఎందుకో చాలా రోజులకు చెప్పారు. అక్కడ ఉన్నప్పుడు, వానపడ్డ మర్నాడు, కదిలే పలక మీద కాలేసి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారట. కట్టు విప్పాక సుద్దముక్క పట్టుకుని, గేటు నుంచి స్కూలు దాకా కదిలే ప్రతి పలక చుట్టూ సున్నా చుట్టి, ఫొటోలు తీసి, తోటి టీచర్‌తో థాయ్‌లో రాయించి మునిసిపాలిటీకి ఉత్తరం పెట్టారు. వాళ్లు తాపీగా, ఆంటీ ఇక్కడికి వచ్చేశాక, మొత్తం తవ్వి కొత్తది వేశారు. నున్నగా, అద్దంలా. దాంతోపాటు దాని మీద బండ్లు నిలపకూడదని రూలు పెట్టారు. స్నేహితురాలి బండిని మార్కెట్ వెనక్కి పంపారు. అక్కడ పొద్దున్నే పాలు కొనేవాళ్లే లేరు.

"నడిచేవాళ్ల గురించి రాశానమ్మడూ," అన్నారు ఆంటీ. "నిలబడేవాళ్ల గురించి రాయలేదు. లెక్క సగమే చేశాను."

ఆ ఫిర్యాదు ఎవరిదో స్నేహితురాలికి తెలుసు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదట. అదే ఆంటీకి ఎక్కువ బాధ.

ఈ నెలలో ఆ మునిసిపాలిటీ ఫుట్‌పాత్ రూళ్ల మీద జనాన్ని అభిప్రాయాలు అడిగింది. శుక్రవారం గడువు. పొద్దున రెండు గంటలసేపు గేటు ముందు బండి నిలపనివ్వండి, అంతే, ఆంటీ అడగదలుచుకున్నది. ఆంటీకి థాయ్ మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఇంగ్లీష్‌లో పంపితే అక్కడి పాత టీచరొకావిడ థాయ్‌లోకి మార్చి ఇస్తానంది. టైప్ చేసే పని నాది.

నాకు ఈ మధ్యే మాటల పిచ్చి పట్టుకుంది. ఆంటీ చెప్పింది చెప్పినట్టు రాయలేకపోయాను. 'మీ పట్టణపు సజీవ వారసత్వానికి ప్రతీక' అనే అర్థం వచ్చేలా ఒక వాక్యం పెట్టి, గర్వంగా చదివి వినిపించాను.

"ఎవరమ్మా ఈవిడ?"

"మీ ఫ్రెండే ఆంటీ."

"ఈ సంగతి దానికి తెలుసా? అది పాలమ్ముతుంది. పాలమ్ముతుందని రాయి." తర్వాత, ఎప్పుడూ అనే మాటే అన్నారు. "ఆ ముక్క తీసేసి చదువు. ఏమైనా పోయిందా?"

సోమవారమే పంపేద్దామన్నారు. నేనే, ఇంకొక్క రోజు ఆంటీ, చివరి పేరా బాగా రాలేదు అన్నాను. మంగళవారం అదే పేరా మీద పోట్లాడుకున్నాం. "నీ ఇష్టం. రేపు మాత్రం పంపెయ్యి," అన్నారు. బుధవారానికి ఆంటీ లేరు.

ఆ సాయంత్రం ఆరింటికి ఆంటీ ఫోన్ మోగింది. అక్కా నేనూ దాన్ని చూస్తూ కూర్చున్నాం. ఎవరమూ ఎత్తలేదు.

గురువారం పొద్దున నేను చేర్చినవన్నీ తీసేశాను. ఆంటీ చెప్పిన తొమ్మిది వాక్యాలే మిగిలాయి. ఏమీ పోలేదు. అక్క తన పేరుతో సంతకం చేసి అక్కడి టీచర్‌కి పంపింది. మునిసిపాలిటీ ఏమంటుందో ఇంకా తెలీదు.

ఆరింటికి ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అక్క ఎత్తింది. అక్క పెరిగింది ఆ ఊళ్లోనే. థాయ్‌లోనే రెండు మాటల్లో చెప్పేసింది. స్నేహితురాలు ఫోన్ పట్టుకుని వీధిలోకి నడిచింది. ఫోన్‌ని ఎక్కడో గోడకి ఆనించింది. పాత ఇంటి గేటు, దాని ముందు ఫుట్‌పాత్ కనిపించాయి. ఆమె వెళ్లి ఆ గేటు ముందు, ఆ నున్నటి పలకల మీద కూర్చుంది. కాసేపటికి స్కూలు పిల్లలు తెల్లచొక్కాల్లో వరసగా వచ్చారు. ఆమె దగ్గరికి రాగానే చేతులు జోడించి, రెండు పాయలుగా విడిపోయి, ఆమెను దాటాక మళ్లీ ఒకే వరసగా కలిసి నడిచిపోయారు.