మాస్టారి కన్ను తప్పిన రోజు

మా కుట్టు దుకాణంలో కట్టింగ్ మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. టేపు ముట్టడు. మనిషిని కంటితో చూసి నడుము ఎన్నంగుళాలో చెప్పేస్తాడు. అదీ చెవిలో కాదు, వీధి చివరిదాకా వినపడేలా.

"నలభై నాలుగు," అనేవాడు, వచ్చినాయన కుర్చీలో కూర్చోకముందే.

"నలభయ్యే అనుకుంటానండీ."

"ఊపిరి బిగబట్టి అనుకుని ఉంటారు. వదలండి."

వదిలితే నలభై నాలుగే.

టేపంటే కళ్ళు లేనివాళ్ళ చేతికర్ర అని ఆయన అభిప్రాయం. ఒకసారి దుకాణం తనిఖీకి అధికారి వచ్చి గుమ్మంలో నిలబడగానే, "ముప్పై తొమ్మిది, ఎడమ భుజం పల్లం," అన్నాడు. పాపం, ఆ అధికారి కాగితాల సంగతి మరిచి అద్దం వెతుక్కున్నాడు.

ఇలాంటి కంటికి ఎదురుగా, ఆరడుగుల దూరంలో నా మిషను. నాకప్పుడు పదకొండో వారం.

ఆ సంగతి మా ఆయనకీ డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. క్రితంసారి తొందరపడి అందరికీ చెప్పాను. పదో వారంలో పోయింది. ఆ తర్వాత నెల్లాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి నా మిషను మీద మోచేతులాన్చి ఓదార్చారు. వాళ్ళని ఊరుకోబెట్టడానికే నా ఓపిక చాలలేదు. అందుకే ఈసారి పన్నెండు వారాలు నిండి స్కానింగ్ అయ్యేదాకా నోరు విప్పకూడదనుకున్నాను.

ఆసుపత్రి వాళ్ళిచ్చిన చిన్న పుస్తకంలో 'ఈ వారాల్లో వేవిళ్ళు తగ్గుముఖం పడతాయి, హుషారు తిరిగివస్తుంది' అని రాసి ఉంది. నా కడుపుకి చదువు రాదు కాబోలు. ఇస్త్రీ ఆవిరి తగిలితే చాలు, పేగులు నోట్లోకొచ్చేవి. కాలరు కుడుతూ కునికేదాన్ని. గంటకి మూడుసార్లు బాత్రూముకి పరుగు. బిడ్డ ఇప్పుడు అంజూర పండంత ఉంటుందట. ఆ అంజూర పండుకి నా నడుమంతా ఎందుకు కావాలో మాత్రం పుస్తకం రాసినవాళ్ళు చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే దుకాణం పనివాళ్ళకి ఏటా కుట్టించే యూనిఫాం కోట్ల వేళ వచ్చింది. మాస్టారు గది మధ్య నిలబడి అంకెలు చెప్తున్నాడు. కాజాలు కుట్టే అక్క, మా అందరికీ కాజాలక్క, రాసుకుంటోంది.

"నువ్వు ముప్పై ఆరు."

"ముప్పై నాలుగు కదూ మాస్టారూ?"

"అది నీ పెళ్ళినాటి మాట. రాయి."

నా వంతు వచ్చింది. పెరిగిన అంకె ఆయన నోట వచ్చిందంటే కాజాలక్క సంగతి పసిగట్టేస్తుంది. సాయంత్రానికి మోచేతులు మళ్ళీ నా మిషను మీదకి దిగుతాయి.

"లే, అమ్మాయ్."

లేచాను. ఎప్పుడూ రెప్పపాటు చాలే మనిషి, ఈసారి సుద్దముక్క తీసి చెవి వెనక పెట్టుకునేంతసేపు చూశాడు.

"ఇరవై ఎనిమిది. పోయినేడులాగే."

కాజాలక్క ముక్కు మీద వేలేసుకుంది. "ఇరవై ఎనిమిదా! నా కళ్ళకే తేడా కనపడుతుంటేనూ!" అంటూ, తన ముప్పై ఆరు కసి తీర్చుకోవడానికి టేపు పట్టుకుని నా మీదకొచ్చింది. చుట్టింది. "ముప్పై!" అని కేక పెట్టింది. "మాస్టారు తప్పారు!"

ఇక నా నడుము ఎవరిక్కావాలి? ముప్పై ఏళ్ళలో ఇదే మొదటి తప్పు. మిషన్లన్నీ ఆగిపోయాయి. ఇస్త్రీ అతను పెట్టె ఎత్తడం మరిచి ఎవరిదో చొక్కా కాల్చాడు.

"శుక్లాలు మాస్టారూ, ఆపరేషను చేయించుకోండి!"

"పోనీ నా ముక్కెక్కడుందో చెప్పండి చూద్దాం!"

కబురు పాకింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా "ఎందుకైనా మంచిది, ఓసారి టేపు పెట్టండి," అనసాగారు. ఎవరికీ అరంగుళం వదలని మనిషి, "వయసు మీదపడిందండీ," అంటూ తలొంచుకుని టేపు పట్టాడు. బడాయికి తగిన శాస్తి అని నేనూ లోలోపల నవ్వుకున్నాను.

పది రోజులకి కోట్లు వచ్చాయి. ఇరవై ఎనిమిదికి కుట్టిన కోటు నాకు హాయిగా పట్టింది. అనుమానం వచ్చి ఇంట్లో తిరగేసి చూశాను. రెండు పక్క కుట్ల లోపలా నాలుగేసి వేళ్ళ బట్ట మడిచి ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకునేలా. పిసరు బట్ట వృథా చేస్తే మా ఏడు తరాల్నీ తిట్టే మనిషి, తొమ్మిదో నెలదాకా సరిపోయే కోటు కుట్టాడు.

మర్నాడు స్కానింగు. బిడ్డ గుండె టకటకా కొట్టుకోవడం చూశాను. కాళ్ళు కూడా ఆడించింది. తిన్నగా దుకాణానికి వెళ్ళాను. అందరూ భోజనాలకి వెళ్ళారు. బల్ల దగ్గర మాస్టారొక్కడే ఉన్నాడు.

"అంతా బాగుందట మాస్టారూ."

"ఏది, నువ్వు కుట్టిన కాలరా? ఏం బాగుంది, ఏడ్చినట్టుంది."

"మీకు తెలుసు కదూ?"

కత్తెర ఆగింది. "క్రితంసారి వీళ్ళ ఓదార్పులు పడలేక స్టోరు గదిలో దాక్కునేదానివి. మళ్ళీ ఈ మందకి అంకె అందిస్తానా?"

"ఇవాళే అందరికీ చెప్పేస్తాను. మీ కన్ను తప్పలేదని తెలియాలిగా."

"నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే మానెయ్. నా కంటికి నీ సాక్ష్యం అక్కర్లేదు."

రెండడుగులు వేశానో లేదో వెనక నుంచి పిలిచాడు.

"అమ్మాయ్! ఒకవేళ చెప్తే మాత్రం సరిగ్గా చెప్పు. ఆరోజు ముప్పై కాదు, ముప్పైన్నర. ఆ కాజాలక్కకి టేపు పట్టడం కూడా రాదు."