దెబ్బకు ముందే కుట్లు

చిన్నాయన పారను తిరగేసి దాని కామ నా నెత్తి మీద దించినప్పుడు పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. వనపర్తి దవాఖాన చీటీ ప్రకారం మాత్రం నేను కుట్లు వేయించుకోవడానికి వచ్చింది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. అంటే దెబ్బ పడకముందే నాకు కుట్లు పడ్డాయి. ఆ చీటీ కొట్టిన ప్రోగ్రాం రాసింది నేనే. అది టైము తప్పు చూపిస్తోందని అందరికంటే ముందు మొత్తుకున్నదీ నేనే. నా మాట కొట్టిపారేసినవాళ్ళ ముఖాలు ఇన్నేళ్ళయినా నాకు ఒక్కొక్కటిగా గుర్తున్నాయి.

అప్పట్లో వనపర్తిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఓనరును అందరం సార్ అనేవాళ్ళం. ఆయన ఒక ప్రైవేటు దవాఖానకు ఓపీ చీటీల ప్రోగ్రాం ఒప్పుకుని నా చేత రాయించాడు. తారీఖు, టైము చూపించడానికి మాత్రం హైదరాబాదులో ఉన్న ఆయన అల్లుడు ఒక లైబ్రరీని సీడీలో పంపాడు. లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్క. టైమెంత అని మన ప్రోగ్రాం దాన్ని అడిగితే అది చెబుతుంది. నేనే రాసుకుంటానంటే సార్ నవ్వాడు. "మా అల్లుని కంటె నీకెక్కువ తెల్సా?" అన్నాడు, సెంటర్లో నేర్చుకునే పిల్లలందరి ముందు.

మొదటి రోజే పొద్దున తొమ్మిదింటికి వచ్చిన రోగి చీటీ మీద తెల్లవారుజాము మూడున్నర అని పడింది. కంప్యూటరు లోపల గడియారాన్ని నడిపే సెల్లు చచ్చిందనుకున్నాను. కరెంటు కోతలకు కంప్యూటర్లలో సెల్లు చావడం మాకు మామూలే. కొత్తది వేశాను. తేడా పోలేదు. కంప్యూటరు సొంత గడియారం చూస్తే సరిగ్గానే నడుస్తోంది. మరి చీటీకి ఏమైంది? పన్నెండు గంటల లెక్కకూ ఇరవైనాలుగు గంటల లెక్కకూ మధ్య ఏమైనా పొరపాటు పడిందేమోనని ఒక రోజంతా వెతికాను. అదీ కాదు. అప్పుడు పొద్దున ఒక చీటీ, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి కొట్టి పక్కపక్కన పెట్టుకున్నాను. సెల్లు చచ్చిన గడియారం ఇష్టమొచ్చిన చోట ఆగుతుంది. ఇది అట్లా లేదు. ఎప్పుడు చూసినా ఐదున్నర గంటలే వెనక. ఆ అరగంట దగ్గర దొరికింది దొంగ. లండన్ వాళ్ళకూ మనకూ ఉండే తేడా అది. ఏ ఊరి టైము కావాలో లైబ్రరీకి ముందుగా ఒకసారి చెప్పాలి. ఎవరూ చెప్పలేదు కాబట్టి అది వనపర్తి రోగులకు లండన్ టైము వేస్తోంది.

సార్ దగ్గరికి పోయి చెప్పాను. లైబ్రరీకి మన టైము అని ఒక్క లైనులో చెబితే మొత్తం సరవుతుందన్నాను.

"అంటే మా అల్లుడు తప్పు పంపిండంటవ్?"

"తప్పు పంపలే సార్. మనమే చెప్పలే దానికి."

"నువ్వు జర ఊకో. ఐదున్నర కలిపితె అయిపాయె. గింత దానికి గంత కథనా?"

ప్రోగ్రాం సీడీని ఆయన బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. అది లేనిదే నేను ఒక్క అక్షరం మార్చలేను. నన్ను వేరే పని మీద నాగర్‌కర్నూల్ పంపి, నేను లేనప్పుడు తానే కూర్చుని సరిచేశాడు. తిరిగొచ్చి చూస్తే తెర మీద టైము కరెక్టు. చీటీ కొట్టి చూస్తే పాత టైమే. తెర మీద చూపించే చోట ఐదున్నర గంటలు కలిపి, చీటీ కొట్టే చోట మరిచిపోయాడు. మళ్ళీ చెప్పాను. "చీటీ మీద టైము ఎవడు చూస్తడయ్యా? బిల్లు చూస్తడు గని," అన్నాడు. డాక్టరుకూ చెప్పాను. ఆయనది గద్వాల దిక్కు, సరిహద్దు ఊరు. విసుగొస్తే నోట్లోంచి కన్నడం జారేది. "సుమ్నిరప్పా," అన్నాడు. నోర్మూసుకో అని మర్యాదగా చెప్పడం అన్నమాట. సూది పెట్టే ఆయమ్మ కూడా కిసుక్కుమంది. అదీ నేను మరిచిపోలేదు.

మా ఊరు కోడేరు దిక్కు. అక్కడ మాకూ చిన్నాయనకూ కలిపి ఒకటే బోరు. త్రీ ఫేజు కరెంటు వచ్చిన పూటల్లో ఒక పూట వాళ్ళకు, ఒక పూట మాకు. మా నాయన పోయినప్పటి నుంచి మా పూట వచ్చేసరికి నీళ్ళు చిన్నాయన మడిలోకే తిరిగేవి. ఆ శనివారం నేను ఊరికి పోయాను. అన్న గట్టు మీద గొడ్డలితో ముళ్ళకంప నరుకుతున్నాడు. కరెంటు వచ్చి మోటరు లేచింది. చూస్తే వాల్వు వాళ్ళ వైపే తిప్పి ఉంది.

"ఈ పూట మాది గద చిన్నాయన," అన్నాను.

"వచ్చిండే కంప్యూటరోడు! నీ డబ్బల చూసి చెప్పు, ఎవరి పూటనో."

"డబ్బ ఎందుకు? పోయిన పూట నీది. ఇది మాది."

"మీ నాయిననే నా ముంగట నోరు లేపలే. నువ్వేందిరా, బొడ్డూడని నా కొడకా?"

నేను వంగి వాల్వు తిప్పాను. పార కామ వస్తుంటే నాకు కనబడలేదు, గాలి చీల్చిన చప్పుడు వినబడింది. తర్వాత పచ్చి కట్టె విరిగినట్టు నా తలలోనే ఒక చప్పుడు. ముఖం కాలువలో పడింది. నోట్లోకి నీళ్ళూ బురదా రక్తమూ కలిసి వచ్చాయి. లేవబోతే వీపు మీద కాలు పెట్టి తొక్కాడు. ఒక కంటిలో రక్తం నిండింది. రెండో కంటితో చూస్తే పార కామ మళ్ళీ పైకి లేచి ఉంది. అది దిగలేదు. అన్న గొడ్డలి చిన్నాయన భుజంలో దిగింది. గొడ్డలి పీకడానికి అన్న కాలు ఆనించి గుంజాల్సి వచ్చింది. చిన్నాయన కేక పక్క తండా దాకా పోయిందని తర్వాత చెప్పారు. ఇదంతా జరుగుతున్నంత సేపూ మోటరు నడుస్తూనే ఉంది. మడిలోకి పారిన మొదటి నీళ్ళు ఎర్రగా పారాయి.

నన్ను ట్రాక్టర్లో వేసుకుని వనపర్తి చేర్చేసరికి దుకాణాల్లో లైట్లు వెలిగాయి. చిన్నాయనను వాళ్ళవాళ్ళు సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ టైము చేత్తో రాస్తారు, అది సరిగ్గానే ఉంది. తెల్లారి ఎస్సై వచ్చి నా చీటీ తీసుకుపోయాడు. అది చూశాక చిన్నాయన వైపు వాళ్ళకు కథ దొరికింది. నేను పట్టపగలు తాగి బండి మీద నుంచి పడి నెత్తి పగలగొట్టుకున్నానట. అన్న సాయంత్రం ఉత్త పుణ్యానికి పోయి చిన్నాయనను నరికాడట. నన్ను కాపాడబోయి కొట్టాడంటే అది ఒక రకం కేసు. ఉత్త పుణ్యానికి నరికాడంటే హత్యాయత్నం. అన్నను లాకప్పులో వేశారు.

వదిన నా మంచం దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు.

"మీ అన్నను తలకిందులు చేసి అరికాళ్ళ మీద కొడుతున్నరు. బయటికి వినబడుతుంది. నువ్వు రాసిన కాగితమే ఆయన మెడకు సుట్టుకున్నది."

"నేను రాసింది కాదు వదినా, సార్ చేసిన..."

"ఎవల్ది అయితె నాకేంది? పో, పోయి నోరు తెరువు."

చీటీ మీది టైము తప్పని ఎస్సైకి చెప్పాను. ఆయన ఒక కానిస్టేబుల్‌ను దవాఖానకు పంపాడు. కానిస్టేబుల్ తెర చూశాడు, తన చేతి గడియారం చూశాడు. "రెండూ ఒక్కటే ఉన్నయ్ సార్," అని చెప్పాడు. కుట్లు వేసిన డాక్టరు కూడా చీటీ మీద ఉన్నదే టైమని తప్పుకున్నాడట. తెర మీద కలిపిన ఐదున్నర గంటలు అట్లా మా అన్న అరికాళ్ళ మీద పడ్డాయి. తెర వేరు, కాగితం వేరు అని నేను ఠాణా గేటు దగ్గర నిలబడి అరిచాను. కానిస్టేబుల్ లాఠీతో మోకాలి వెనక కొట్టాడు. కింద కూర్చుని అరిచాను. కట్టు మీద చెయ్యి వేసి నూకాడు. గోడ పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. లోపలి నుంచి అన్న అరుపు ఒకటి వచ్చేది, దాని వెనకే నాది. చివరికి ఎస్సై బయటికి వచ్చాడు.

"ఏందిరా నీ లొల్లి? నడువు, చూపియ్. అబద్ధమైతె నిన్ను గూడ మీ అన్న పక్కనే ఏలాడదీస్త."

జీపులో దవాఖానకు పోయాం. కబురు అంది సార్ కూడా ఉరుక్కుంటూ వచ్చాడు. ఎస్సై పేరు మీదనే చీటీ కొట్టాను. తెర మీద సాయంత్రం నాలుగు చూపిస్తోంది. కాగితం మీద పొద్దున పదిన్నర అని వచ్చింది. ఎస్సై కాగితం చూసి, గడియారం చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

"పదిన్నరకు నేను వీని అన్నతోని ఉన్న గదరా," అన్నాడు.

సార్ ముందుకొచ్చాడు. "వీడే మార్చిండు సార్. దెబ్బ తిన్నంక అన్నను ఇడిపించుకోనీకె మార్చిండు. మా ప్రోగ్రాం బంగారమసుంటిది."

నాకు ఆ మాటకు నవ్వొచ్చింది. కుట్లు గుంజినా నవ్వాను. గోడకు కొట్టిన మేకుకు పాత చీటీలు గుచ్చి ఉన్నాయి. పైనున్నవి పక్కకు తీసి, అడుగున ఉన్నవి పీకి ఎస్సై ముందు పెట్టాను. నేను దెబ్బ తినకముందటి తారీఖుల చీటీలు అవి. దగ్గు, మూడున్నర. జ్వరం, నాలుగు. చెవిపోటు, నాలుగుంబావు. అన్నీ తెల్లవారుజామే.

ఎస్సై డాక్టరు వైపు తిరిగాడు. "డాక్టర్ సాబ్, మీరు కోడి కూయకముందే లేసి దగ్గులు చూస్తరా?"

"లేదండీ. తొమ్మిదింటికి వస్తాను."

"మరి ఇన్ని దినాలు కండ్లు మూసుకుని సంతకాలు పెట్టిండ్రా?"

నేను డాక్టరు ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. సుమ్నిరప్పా అంటాడేమోనని చూశాను. అనలేదు. సార్ మళ్ళీ "మా అల్లుడు" అని ఏదో మొదలుపెట్టాడు. ఎస్సై చెయ్యి లేచింది. ఆ చప్పుడుకు వరండాలో సెలైన్ పట్టుకుని కూర్చున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. సార్ కళ్ళజోడు ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. నేను తీసి ఇవ్వలేదు. ఆయన చెంప మీద నాలుగు వేళ్ళు తేలాయి. ఆ నాలుగు వేళ్ళ మీద నాకు ఇప్పటికీ జాలి లేదు.

సార్ వంగి కళ్ళజోడు వెతుక్కుని, బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టాడు. సీడీ తెచ్చి, ఆ ఒక్క లైను రాసి, ఆయన కలిపిన ఐదున్నర గంటలు తీసేశాను. తెరా చీటీ ఒకటే టైము చూపించాయి. నెల తిరక్కముందే ఆ తప్పు తన అల్లుడే ఫోన్లో పట్టాడని సార్ ఊరంతా చెప్పుకున్నాడు. అదీ నాకు తెలుసు.

మర్నాడు అన్నను వదిలారు. హత్యాయత్నం మాట పోయింది. రెండు వైపుల కొట్లాట అని రాసుకున్నారు. అన్న అరికాళ్ళు ఉబ్బి పగిలాయి. పాదం ఆనకుండా అంచుల మీద నడుస్తూ ఠాణా మెట్లు దిగాడు. ఎడమ చేతి రెండు వేళ్ళు వంగడం లేదు. ఆటో ఎక్కించి నేను మొత్తం చెప్పాను. లండన్ టైము, తెర, కాగితం, మేకు, సార్ చెంప. నోరు ఎండేదాకా చెప్పాను. అన్న రోడ్డు వైపే చూస్తూ విన్నాడు.

"ఈ తప్పున్నదని నీకు ముందుగాలనే తెల్సా?" అన్నాడు.

"తెల్సు. రెండుసార్లు చెప్పిన. ఆళ్ళే ఇనలే."

"రెండుసార్లు చెప్పినవ్."

"అవునన్నా. సార్‌కు రెండుసార్లు చెప్పిన, డాక్టర్‌కు గూడ చెప్పిన."

వంగని వేళ్ళున్న చేత్తోనే కొట్టాడు. కర్రతో కొట్టినట్టు తగిలింది. తల ఆటో కడ్డీకి గుద్దుకుంది.

"గేటు కాడ గింత లొల్లి చేసినోనివి, అప్పుడెందుకు చెయ్యలేరా? ఆడ కూసొని అరవకపోతివా? నా కాళ్ళు పగిల్తె గని నీకు నోరు లేవదా?"

నేను అరిచానన్నా, నా మాట ఎవరు విన్నారు అనబోయాను. మెడ మీద వెచ్చగా కారింది. కుట్లు తెగాయి. అన్న తన కండువా తీసి నా తలకు గట్టిగా అదిమి పట్టుకున్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు. ఇప్పటిదాకా అనలేదు. బోరు మీద మా పూట వచ్చినప్పుడల్లా వాల్వు దగ్గర నాకంటే ముందే వచ్చి నిలబడతాడు. నన్ను వంగనివ్వడు. అయినా ఆ మాట మాత్రం అనడు. నేను ఎదురుచూడటమూ మానలేదు.

ఆటోను మళ్ళీ అదే దవాఖానకు తిప్పించాం. చీటీ వచ్చింది. టైము చూశాను. నిమిషం కూడా తేడా లేదు. డాక్టరు కండువా విప్పి తెగిన కుట్లు చూసి అడిగాడు.

"ఎవరు కొట్టారప్పా మళ్ళీ?"

అన్న గుమ్మం దగ్గర పాదాల అంచుల మీద నిలబడి ఉన్నాడు. వరండాలో కానిస్టేబుల్ ఎవరి చీటీ కోసమో వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరూ కొట్టలేదు సార్," అన్నాను. "బండి మీద నుంచి పడ్డాను."

డాక్టరు దాన్నే రాసుకున్నాడు.