ఎంపీల బస్సు నడిపిన తాజుద్దీన్

ఎల్లారెడ్డి ఊరి తాజుద్దీన్ చేతికి మొదట దొరికింది చెరకు ట్రాక్టర్ స్టీరింగు. ఆ తర్వాత రైస్‌మిల్లు లారీ, కామారెడ్డిలో స్కూలు బస్సు. ముప్పై దాటాక గల్ఫ్‌కు పోయాడు. అక్కడా బస్సే. పొద్దున్నే కూలీలను క్యాంపు నుంచి పని దగ్గరికి చేర్చాలి, పొద్దుగూకాక తిరిగి తేవాలి. ఆ పనిలోనే ఏండ్లు గడిచిపోయాయి. ఇంట్లో నమాజు మాట ఎలా ఉన్నా, బస్సు కదిలే ముందు మాత్రం బిస్మిల్లా అనకుండా గేరు వేసేవాడు కాదు.

ఒక ఎండాకాలం ఆ దేశానికి పక్క దేశంతో గొడవ ముదిరి, అతనుండే నగరం మీద డ్రోన్లు పడ్డాయి. రేవు దగ్గర గోదాము ఒకటి తగలబడింది. అప్పుడు తాజుద్దీన్ బస్సు నిండా మనుషులున్నారు. ఫ్లైఓవర్ కింద బస్సు ఆపి అందరినీ సీట్ల మధ్య వంగి కూర్చోమన్నాడు. ఇంజను ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనని భయం, అందుకే ఆపలేదు. ఆ రోజు నుంచి ఎల్లారెడ్డిలో భార్య వాజిదాకు నిద్ర లేదు. ఫోన్ చేసినప్పుడల్లా వచ్చేయమని ఒకటే పోరు. చూద్దామని దాటవేసేవాడు.

కొన్ని వారాలకు మన దేశం నుంచి ఎంపీల బృందం వచ్చింది. అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. కష్టకాలంలో మీకు తోడున్నామని ఆ మిత్రదేశానికి చెప్పిపోవడం వాళ్ల పని. వాళ్లను తిప్పడానికి కంపెనీ ఏసీ బస్సు ఇచ్చి, హిందీ, అరబ్బీ రెండూ వచ్చని తాజుద్దీన్‌ను డ్రైవరుగా పెట్టింది. అడిగితే తప్ప నోరు విప్పొద్దని సూపర్‌వైజర్ మరీమరీ చెప్పాడు.

బృందంలో సుగుణమ్మ అనే పెద్దావిడ ఉంది, ఆంధ్ర వైపు ఎంపీ. బస్సు వెనక కూర్చుంటే ఆమెకు కడుపులో తిప్పుతుంది. అందుకని ముందు సీట్లోకి వచ్చింది. మంత్రితో సమావేశం, కాలిన గోదాము దగ్గర ఫొటోలు అయిపోయాయి. విందుకు పోతున్న దారిలో ఆమె అడిగింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఎల్లారెడ్డి అమ్మా, కామారెడ్డి జిల్లా."

"తెలుగువాడివా! మరి పొద్దుట్నించీ హిందీలోనే మాట్లాడుతున్నావే?"

"మీరు హిందీల అడిగిండ్రు, నేను హిందీల చెప్పిన."

ఆమె నవ్వింది. మనవాళ్లు ఎక్కడుంటారని అడిగితే, విందుకు పోయే తోవలోనే క్యాంపు ఉందన్నాడు. బృందం వెంట ఉన్న అధికారి, అది కార్యక్రమంలో లేదన్నాడు. భోజనం కాస్త ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనుకోరని చెప్పి ఆమె బస్సు తిప్పించింది.

క్యాంపులో అప్పుడే స్నానాలవుతున్నాయి. లుంగీలతో ఉన్నవాళ్లు గదుల్లోకి పరుగెత్తి చొక్కాలు తొడుక్కొచ్చారు. ఎంపీలు వరసగా మాట్లాడారు. దేశం మీ వెంట ఉందన్నారు. చప్పట్లు పడ్డాయి. అప్పుడు బీబీపేట నుంచి వచ్చిన కూలీ బాలమల్లు ముందుకొచ్చాడు.

"మేడం, గట్లనే అంటున్నరు గని, మేం ఇంటికి పోవాల్నా, ఈడనే ఉండాల్నా? గా ఒక్క ముచ్చట చెప్పుండ్రి."

అందరూ సుగుణమ్మ వైపే చూశారు. ఆమె బాలమల్లు దగ్గరికి వచ్చింది.

"ఉండమని చెప్పే ధైర్యం నాకు లేదు నాయనా. పొమ్మంటే నీకు అక్కడ పని చూపించాలి. అదీ నా చేతిలో లేదు. రాత్రికి మీ ఆడవాళ్లను అడుగు. భయపడేది వాళ్లే కదా."

ఈసారి చప్పట్లు లేవు. ఎవరో స్టీలు గ్లాసులో చాయ్ ఇస్తే నిలబడే తాగి బస్సెక్కింది.

మర్నాడు సూపర్‌వైజర్ తాజుద్దీన్‌ను పిలిచి, చెప్పని చోట బస్సు ఎందుకు ఆపావని కేకలేసి మళ్లీ కూలీల బస్సుకు పంపాడు. తాజుద్దీన్‌కు కోపం రాలేదు. ఆ రాత్రి వాజిదాకు తానే ఫోన్ చేశాడు. ఈసారి దాటవేయలేదు.

"నీకు నిజంగ ఏమనిపిస్తున్నదో చెప్పు," అన్నాడు.

వాజిదా చాలాసేపు చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

బాలమల్లు అక్కడే ఉండిపోయాడు. తాజుద్దీన్ మాత్రం కాంట్రాక్టు ముగియగానే వచ్చేశాడు. ఇప్పుడు ఎల్లారెడ్డి, కామారెడ్డి మధ్య వ్యాను నడుపుతున్నాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతాడు.